సంతకం ఫోనులోకి మారిన ఏడాది

బడిలో ఇంటర్నెట్ పనిని అవసరమైనంతకే పరిమితం చేయాలని గోదావరి డెల్టా ఉపాధ్యాయులు మళ్లీ అడుగుతున్నారు. ఒకే సమాచారాన్ని యాప్‌లో ఒకసారి, ఎక్సెల్ షీటులో మరోసారి, ఈ-మెయిల్‌లో ఇంకోసారి, చివరికి సంతకం పెట్టి కాగితం మీద కూడా పంపవలసి వస్తోందన్నది వారి ఫిర్యాదు. పంపడానికి ఏమీ లేని రోజున కూడా ‘నిల్ రిపోర్టు’ పంపక తప్పదు. బడులకు కంప్యూటర్లు ఎప్పుడు వచ్చాయో, కరోనా కాలంలో పాఠాలు ఫోన్లలోకి ఎలా వెళ్లాయో అందరికీ తెలిసిందే. నేటి తగవుకు మూలం అక్కడ లేదు, 2022 ఆగస్టులో ఉంది.

ఆ నెల 16న రాష్ట్రంలో ముఖ ఆధారిత హాజరు మొదలైంది. ఉదయం తొమ్మిది గంటలకల్లా బడి ఆవరణలో నిలబడి, సొంత ఫోనులో యాప్ తెరిచి, ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. చూడడానికి ఇది సంతకానికి బదులు ఫొటో, అంతే. కానీ హాజరు రిజిస్టరు బడి సొత్తు. ఫోను ఉపాధ్యాయునిది, అందులో వేయించుకునే డేటా ఖర్చూ ఆయనదే. పరికరాలు ప్రభుత్వమే ఇవ్వాలని, అంతవరకు యాప్ దించుకోబోమని సంఘాలు పట్టుబట్టాయి. అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ వారితో చర్చలు జరిపారు. గడువు కొన్ని రోజులు జరిగింది, విధానం మాత్రం నిలిచింది. గైర్హాజరు తగ్గాలంటే, లెక్క ఎప్పటికప్పుడు చేతికి అందాలంటే ఇది అవసరమని ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలో బలం లేకపోలేదు.

అయితే ఆ వాదన గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామాల్ని చూసి చేసినది కాదు. ఆ ఆగస్టుకు సరిగ్గా నెల ముందు ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నది పొంగినప్పుడల్లా పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, బూరుగులంక వంటి ఊళ్లకు వెళ్లే తాత్కాలిక బాట కొట్టుకుపోయి పడవే దిక్కవుతుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురం దాటేవారు పంటు కోసం, అంటే మనుషుల్నీ బళ్లనూ దాటించే బల్లకట్టు కోసం, రేవులో ఎదురుచూడాలి. పడవ ఆలస్యమైందని ప్రధానోపాధ్యాయుడు రిజిస్టరులో ఒక ముక్క రాయగలిగేవాడు. యాప్‌కు రేవు సంగతి తెలియదు. ఇంకాస్త వెనక్కి వెళితే, మే 24న జిల్లా పేరు వివాదంలో అమలాపురం అట్టుడికినప్పుడు కోనసీమలో దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ ఆగిపోయింది. వేసవి సెలవులు గనుక ఆ దెబ్బ బడులకు నేరుగా తగలలేదు. బహుశా అందుకే దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అదే విద్యా సంవత్సరంలో, 2022-23లో, కేంద్రం దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే తన పోర్టల్ యూడైస్ ప్లస్‌లో విద్యార్థివారీ వివరాలు అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు తరగతికి ఎందరన్న అంకె చాలు. ఆ తరువాత ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడి పేరిట వివరాలు నింపాలి. అడ్మిషన్ రిజిస్టరులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉన్న ఇంటిపేర్లతో కుస్తీ పడుతూ ఎన్ని పీరియడ్లు గడిచాయో ఏ పోర్టల్‌లోనూ గడి లేదు.

2023 ఆగస్టులో కథ అడ్డం తిరిగింది. చదువులో సాంకేతికతపై అంతకు కొద్ది రోజుల ముందు వెలువడిన యునెస్కో నివేదికను ప్రస్తావిస్తూ, విద్యార్థులు బడికి ఫోను తేరాదని, ఉపాధ్యాయులు దానిని తరగతి గదిలోకి తీసుకుపోరాదని ప్రభుత్వం ఆదేశించింది. ఉద్దేశం మంచిదే. కానీ తొమ్మిదికి ఫోను చేతిలో లేకపోతే తప్పు, తొమ్మిదిన్నరకు ఉంటే తప్పు అన్న పరిస్థితి ఏర్పడింది.

2024లో ప్రభుత్వం మారాక నారా లోకేశ్ ఆధ్వర్యంలోని విద్యాశాఖ పలు యాప్‌లను ‘లీప్’ అనే ఒక్క యాప్‌లోకి చేర్చింది. పదేసి పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునే బాధ తప్పిందని ఉపాధ్యాయులే ఒప్పుకుంటారు. అయితే తగ్గినవి తలుపులు. లోపల నింపవలసిన గడులు అలాగే ఉన్నాయన్నది వారి మాట. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదంటుంది. సమాచారం నింపడం విద్యేతర పని కిందికి వస్తుందా అన్నదానిపై ఇరుపక్షాలకూ ఏకాభిప్రాయం లేదు. పైగా ఆ సమాచారం కోరుతూ వచ్చేవి చాలావరకు వాట్సాప్ సందేశాలు. ఆర్‌సీ నంబరుతో, అంటే కార్యాలయ ఫైలు నంబరుతో, వచ్చిన ఉత్తర్వునైతే చూపించి ప్రశ్నించవచ్చు; సాయంత్రం ఆరు దాటాక గ్రూపులో ‘మోస్ట్ అర్జెంట్’ అంటూ పడే రెండు పంక్తులకు ఏ ఫైలులోనూ చోటు లేదు.