విషం తిన్న నెమలి: మొదటి కొన్ని గంటలే కీలకం

చెన్నై శివార్లు దాటి చెంగల్పట్టు వైపు పొలాల్లో నెమలి చచ్చి పడి ఉంటే ముందు అనుమానించాల్సింది గుళికల మందు (గుళికల రూపంలోని పురుగుమందు) కలిపిన గింజలనే. నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ పక్షి, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. చంపితే కనీసం 3 ఏళ్ల జైలు. కానీ కోర్టులో కేసు నిలవాలంటే విషం వల్లే చచ్చిందని ల్యాబ్ తేల్చాలి.

గుళికల్లోని కార్బోఫ్యూరాన్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది. దాంతో నరాల సంకేతాలు ఆగకుండా పోతూనే ఉంటాయి. కాలి వేళ్లు ముడుచుకుని బిగుసుకుంటాయి, ఊపిరి ఆడదు. మెదడులో ఈ ఎంజైము పని మామూలులో సగానికన్నా తగ్గితే విషమే చంపిందని చెప్పొచ్చు. చిక్కేమిటంటే ఈ మందు పట్టు గట్టిది కాదు. ప్రాణం పోయాక కూడా, వేడికి, దానంతటదే వదిలేస్తుంది. మే నెల ఎండలో ఒక పూట పడి ఉన్న నెమలి మెదడు పరీక్షలో మామూలుగానే కనిపించవచ్చు. బాగా కుళ్లితే మళ్లీ ఇంకో తంటా: ఎంజైమే చెడిపోయి, లేని విషం ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే వేరే కారణంతో చనిపోయిన నెమలి మెదడుతో పోల్చి చూడాలి. నమూనాను 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి మళ్లీ కొలిస్తే ఎంజైము పని పెరిగిందా, కార్బోఫ్యూరాన్ లాంటి కార్బమేట్ జాతి మందుకు అది గట్టి ఆధారం.

కళేబరం కనబడగానే అటవీశాఖకు చెప్పండి. ముట్టుకోవద్దు, కుక్కల్ని దగ్గరికి రానివ్వొద్దు. దాని మీద వాలిన ఈగలు చచ్చి పడి ఉంటే తప్పకుండా ఫొటో తీయండి. సిబ్బంది చుట్టుపక్కల గింజలను విడిగా ఏరి, పక్షిని రెండు సంచుల్లో కట్టి, ఐసు మీద తీసుకెళ్లాలి. కోసేముందే ఎక్స్‌రే తీయాలి. కత్తికి దొరకని ఎయిర్‌గన్ గుండు అందులో తెల్లటి చుక్కగా కనబడుతుంది. మెడ కింది గింజల సంచిలోనూ కందనకాయలోనూ ఉన్నదంతా గాజు సీసాలోకి తీయాలి. మందు పేరు పట్టిచ్చేది అదే, రసాయనాలను గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రంలో. మెదడు సగం ఫ్రీజర్లోకి, సగం 10 శాతం ఫార్మలిన్‌లోకి (కణజాలం కుళ్లకుండా ఉంచే ద్రవం). మొత్తం ఫార్మలిన్‌లో ముంచేస్తే ఎంజైము పరీక్ష పోయినట్టే.

నెమలిని చంపినవాళ్లు కూర వండేసి ఈకలు పారేసినా ఆధారం మిగులుతుంది. ఈక కాడ అడుగున డీఎన్ఏ ఉంటుంది. సైటోక్రోమ్ బి జన్యువు చదివి జాతి చెప్పేస్తారు. ఉడికిన మాంసంలోనూ చిన్న ముక్కలుగా దొరుకుతుంది. ఈకలను కాగితం కవర్లో ఆరబెట్టి పంపాలి. ప్లాస్టిక్‌లో చెమ్మ చేరి బూజు పడుతుంది. ప్రతి కవరు మీద తేదీ, చోటు, సంతకం, లక్క ముద్ర ఉండాలి. మహజరులో (దొరికిన చోటే సాక్షుల ముందు రాసే పంచనామాలో) రాసిన ముద్ర, ల్యాబ్ అందుకున్న ముద్ర ఒకటేనా అన్నది ముద్దాయి తరఫు లాయరు తప్పక అడుగుతాడు.