గర్భిణికి సిఫిలిస్ పాజిటివ్: “సూదులు ఆమెకు వేశారుగా మేడం, నాకెందుకు?”

గర్భిణులకు మొదటి చెకప్‌లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ పరీక్షలు చేస్తాం. సిఫిలిస్ శారీరక కలయిక వల్ల అంటే సుఖవ్యాధి. తిరుపతిలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నాకు, సిఫిలిస్ పాజిటివ్ వచ్చిందని గర్భిణికి చెప్పడం కన్నా ఆమె భర్తకు ఫోన్ చేయడమే కష్టం. పీలేరు ఆయనైనా, శ్రీకాళహస్తి ఆయనైనా అనే మాట ఒకటే: “ఆమెకు సూదులు వేశారు కదా మేడం, ఇంక నాకెందుకు? నాకేం లేదే!”

అపోహ: భార్యకు వైద్యం చేస్తే చాలు.

వాస్తవం: చాలదు. “నాకేం లేదే” అనేది చాలామంది నమ్మే చెబుతారు, అబద్ధమాడరు. సిఫిలిస్ పుండు నొప్పి పెట్టదు. మందు వేసినా వేయకపోయినా 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది. తర్వాత ఒంటి మీద దద్దుర్లు వస్తే రావచ్చు, అవీ పోతాయి. జబ్బు మాత్రం ఒంట్లోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పైగా ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదనే రక్షణ దీనికి లేదు. భర్తకు మందు పడకపోతే ఆమెకు తగ్గింది మళ్లీ అంటుకోవచ్చు. గర్భంలో కొత్తగా అంటుకున్న సిఫిలిస్ బిడ్డకు చేరే అవకాశం మరీ ఎక్కువ. కడుపులోనే బిడ్డ చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం ఇలాంటి కేసుల్లో చూస్తాం.

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. అమ్మాయి అమ్మను తోడు తెచ్చుకుంటుంది, అబ్బాయి బెంగళూరులోనో చెన్నైలోనో డ్యూటీలో ఉంటాడు. ఒకమ్మాయికి మూడో నెలలో ఆర్‌పీఆర్ (సిఫిలిస్ రక్తపరీక్ష, ఇందులో రెండో అంకె తగ్గితే జబ్బు తగ్గుతున్నట్టు) 1:16 వచ్చింది. వారానికొకటి చొప్పున మూడు బెంజథిన్ పెన్సిలిన్ సూదులూ ఒక్కరోజు తప్పకుండా వేయించుకుంది. ఏడో నెలకు 1:4కు దిగింది, మేమంతా సంతోషించాం. భర్త మాత్రం “లీవు దొరకలేదు” అంటూనే ఉన్నాడు. శ్రీమంతానికి లీవు దొరికింది. నాలుగు రోజులుండి వెళ్లాడు. కాన్పు నాటికి రిపోర్టు 1:32, అంటే మళ్లీ అంటుకుంది. పుట్టిన బిడ్డకు పది రోజులు పెన్సిలిన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ పది రోజులూ వార్డు బయట ఆ అబ్బాయి కూడా నిద్రపోలేదు, అదీ చెప్పాలి.

ఇక ఇంట్లో పంచాయితీ: “నీ వల్లే వచ్చింది, కాదు నీ వల్లే.” ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, పెళ్లికి ముందో తర్వాతో ఏ రక్తపరీక్షా చెప్పదు. గర్భం వల్లా, లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒంటి మీదే దాడి చేసే జబ్బు) లాంటి వాటి వల్లా వీడీఆర్‌ఎల్ (ఆర్‌పీఆర్ లాంటిదే మరో పరీక్ష) తప్పుగా పాజిటివ్ రావడమూ ఉంది. టీపీహెచ్‌ఏ అనే ఇంకో రక్తపరీక్ష చేసి నిర్ధారిస్తాం. ఆ రిపోర్టు రాకముందే అమ్మాయిని పుట్టింటికి పంపేసే అత్తమామలకు నేను చెప్పేది ఒక్కటే, కాస్త ఓపిక పట్టండి. అయితే రిపోర్టు ఆలస్యమవుతుందని మొదటి సూది ఆపకూడదు.

మొగుళ్లు కొందరు మా దగ్గరికి రావడానికి సిగ్గుపడి, గోడ మీద పోస్టర్ చూసి లాడ్జి డాక్టర్ దగ్గరికి పోతారు. వేలకు వేలు పోసి పొడులూ లేహ్యాలూ తెచ్చుకుంటారు. ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్ అయిన సురక్ష క్లినిక్‌లో ఉచితంగా వేసే సూదిని వదిలేసి!

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

పెన్సిలిన్ కడుపులో బిడ్డకు మంచిది కాదంటారు. నిజానికి తల్లితో పాటు బిడ్డకూ నమ్మకంగా పనిచేసేది అదొక్కటే. బదులుగా అడిగే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ బిడ్డ దాకా సరిగా చేరదు. మొదటి సూది వేసిన రోజు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, భయపడొద్దు. కడుపునొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆస్పత్రికి రండి. కోర్సు అయ్యాక కూడా టీపీహెచ్‌ఏ పాజిటివ్‌గానే ఉంటుంది, సాధారణంగా జీవితాంతం. చూడాల్సింది ఆర్‌పీఆర్ టైటర్‌ను, అంటే 1:16 లాంటి ఆ అంకెను.

హెచ్‌ఐవీ ఉంటే బిడ్డకు వచ్చి తీరుతుందన్నది తప్పు. మందులు లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు వస్తుంది, సరిగా వాడితే 5 కన్నా తక్కువ మందికే. హెపటైటిస్ బీ ఉన్న తల్లి పాలివ్వచ్చు, బిడ్డకు పుట్టిన 24 గంటల్లో టీకా పడాలి, ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే సూది) కూడా. తెల్లబట్ట గర్భంలో మామూలే. దుర్వాసన, దురద, రంగు మార్పు ఉంటే చూపించుకోండి, డెట్టాల్‌తో మాత్రం కడగొద్దు. బాత్రూమ్ వల్ల సిఫిలిస్ వచ్చిందనే మాట అత్తగారికి చెప్పుకోవడానికి పనికొస్తుందేమో గానీ, నిజం కాదు.

భర్త తిరుపతికే రావాలని లేదు. బెంగళూరులోనైనా, చెన్నైలోనైనా ప్రభుత్వాస్పత్రిలో ఈ పరీక్ష ఉచితం. భార్య రిపోర్టు ఫొటో ఫోన్లో చూపిస్తే డాక్టరుకు విషయం అర్థమవుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. ఇద్దరికీ కోర్సు పూర్తయి, డాక్టర్ సరే అనేదాకా శారీరకంగా కలవకండి, శ్రీమంతానికి వచ్చినా సరే.