ఆరు వేలలో కలకత్తా

సామర్లకోట,
డిసెంబరు 4.

పండూకీ, అమ్ములుకీ, వాళ్ళతో బయల్దేరుతున్న స్నేహితులిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో అమ్ములు అడిగింది కదా, "మనిషికి ఆరు వేలు పెట్టుకుని నాలుగు రోజులు కలకత్తా చూసి రాగలమా అమ్మమ్మా" అని. పొయ్యి మీద పాలు పొంగుతుంటే "ఆఁ, ఎందుకు రాలేరు" అనేసి పెట్టేశాను. తర్వాత అనిపించింది, ఇది ఫోనులో ఒక్క ముక్కలో తేలే సంగతి కాదని. అందుకే కాగితం తీశాను.

ఆ ఊరు నేను రెండుసార్లు చూశాను. 1991లో మీ తాతయ్యతో, అప్పటికి తొమ్మిదేళ్ళ మీ అమ్మతో ఒకసారి. మళ్ళీ 2025 జనవరిలో మా చెల్లెలితో. మొదటిసారి చేతిలో కాస్త డబ్బుంది, చూసింది తక్కువ. రెండోసారి ఇద్దరు ముసలాళ్ళం, మోకాళ్ళ నొప్పులు, పెన్షన్ డబ్బులు. అయినా ఊరంతా తిరిగాం. తేడా ఎక్కడొచ్చిందో చెప్తాను.

1991లో పొరపాటు గది దగ్గరే మొదలైంది. ఊరి మధ్యలో కంటే రోజుకి నలభై రూపాయలు తక్కువని తాతయ్య ఎక్కడో ఊరు అయిపోయేచోట లాడ్జి తీసుకున్నారు. రోజూ అక్కణ్ణుంచి బయటపడేసరికి పదిన్నర అయ్యేది. సాయంత్రం మీ అమ్మ నిద్రకి తూలిపోతుంటే టాక్సీ తప్పేది కాదు. ఆ టాక్సీకి అరవయ్యో డెబ్భయ్యో. నలభై మిగుల్చుకోవడానికి డెబ్భై పోస్తున్నామని లెక్కల మాస్టారయ్యుండీ నాలుగో రోజుగ్గానీ ఒప్పుకోలేదు. మూడో రోజేమో "ఒక్కరోజులో ఊరంతా చూపిస్తాం" అన్న బస్సొకటి ఎక్కించారు. మ్యూజియం దగ్గర అరగంట ఇచ్చి, చీరల కొట్టు దగ్గర గంటన్నర ఆపాడు ఆ బస్సువాడు. నేను చీర కూడా కొన్నానులెండి. మొదటి ఉతుకుకే రంగు పోయింది.

అందుకని మీరు గది మటుకు మెట్రో స్టేషనుకి నడిచే దూరంలో చూసుకోండి. ఎస్ప్లనేడ్, పార్క్ స్ట్రీట్ మధ్య సడ్డర్ స్ట్రీట్ అని ఉంది, చవక లాడ్జీలకి పాత పేరు. బడాబజార్ వైపు మార్వాడీల ధర్మశాలలున్నాయి. రైలు టికెట్టు ఖాయమైతే ఆ పీఎన్నార్ నంబరుతో స్టేషను రిటైరింగ్ రూమ్ కూడా దొరుకుతుంది, అయితే ముందే బుక్ చేసుకోవాలి. ఎక్కడైనా సరే, గది కళ్ళతో చూసి, కుళాయి తిప్పి, తలుపు గడియ పడుతుందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

రైలు సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుస్తారు. స్లీపరుకీ ఏసీ త్రీటైరుకీ రెండున్నర రెట్లు తేడా, జనవరిలో ఏసీ దేనికి? ఒక దుప్పటి పట్టుకెళ్ళండి, చాలు. మొదటి పూటకి పులిహోర నేనే కట్టిస్తాను. చిలకసరస్సు పగటిపూట తగిలితే వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ వదలకండి. ఖరగ్‌పూర్‌లో దిగి చెవొగ్గితే ప్లాట్‌ఫారం మీద తెలుగు వినిపిస్తుంది. రైల్వే ఉద్యోగాలకని వెళ్ళి తరాలుగా అక్కడే ఉండిపోయినవాళ్ళు మనవాళ్ళు.

ఇక హౌరా, మీరు రైలు దిగే స్టేషను. దిగగానే ముగ్గురు నలుగురు మీ సంచుల మీద చెయ్యి వేస్తారు. "వద్దు" అని నడిచిపొండి. స్టేషను ఎదురుగానే హుగ్లీ నది, అంటే గంగ పాయే, దాని రేవు. అక్కడ లాంచీ ఎక్కి అవతలి ఒడ్డుకి పొండి. మేం వెళ్ళినప్పుడు టికెట్టు పది రూపాయలు కూడా లేదు. గోదారి మీద లాంచీ ఎక్కినవాళ్ళకి నేను చెప్పేదేముంది గానీ, ఒక మహానగరంలోకి నీళ్ళ మీంచి ప్రవేశించడం వేరు. ఎడంపక్క హౌరా బ్రిడ్జి ఆకాశం మీద గీత గీసినట్టుంటుంది.

ఆ నది దగ్గర మీకో పని చెప్తాను. దాన్ని మూడు రకాలుగా దాటండి. నీళ్ళ మీద లాంచీలో ఒకసారి. నీళ్ళ పైన వంతెన మీద నడుస్తూ ఒకసారి. నీళ్ళ కింద మెట్రోలో ఒకసారి. మూడింటికీ కలిపి మనిషికి ఇరవై రూపాయలు కాదు. ఆ ఊళ్ళో ఇంతకంటే గొప్ప వినోదం ఎక్కడైనా ఉందంటే నేనొప్పుకోను.

వంతెన మీదికి తెల్లారగట్ల పొండి. 1943లో తెరిచారు దాన్ని. 26,500 టన్నుల ఉక్కు, నదిలో ఒక్క స్తంభం లేదు, నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతోనే బిగించారు. కాగితాల మీద పేరు రవీంద్ర సేతు, ఆ పేరుతో ఎవరూ పిలవరు. పక్కనే నడిచేదారిలో తలమీద బుట్టలతో జనం పరుగులాంటి నడకతో వస్తుంటారు. మీరు మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే తిడతారు, ఓ పక్కకి ఒదగండి. అవతలి కొసన కిందికి దిగితే మల్లిక్ ఘాట్ పూల బజారు. కడియపులంక మార్కెట్టు చూసిన మీ కళ్ళకి బంతిపూలు కొత్త కాదు. కానీ బంతి దండలు మోకుల్లా చుట్టలు చుట్టి భుజాల మీద కొండలాగా మోస్తున్న మనుషుల్ని చూడాలి. నేను రెండు గంటలు మెట్ల మీద కూర్చున్నాను. ఖర్చు ఒక మట్టి ముంతెడు టీ.

మెట్రో సంగతంటారా, మన దేశంలో మొదటి మెట్రో ఆ ఊళ్ళోదే, 1984 అక్టోబరు 24న మొదలైంది. నది కిందనుంచి వెళ్ళేది మాత్రం 2024 మార్చిలో వచ్చింది. హౌరా స్టేషను ముప్పై మీటర్లకు పైగా లోతు. మెట్ల మీద మెట్లు దిగుతుంటే మా చెల్లెలు "పాతాళానికా ఏమిటే" అంది. నది కింద సొరంగం 520 మీటర్లు. నీలం దీపాలు వెలిగినప్పుడు తెలుస్తుంది నది కింద ఉన్నామని. ముప్పావు నిమిషంలో అయిపోతుంది, కళ్ళు మూసుకోకండి.

ఇప్పుడు మన ఊరి సంగతి. శిబ్‌పూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉంది, హౌరా ఒడ్డునే. 1787లో పెట్టింది. అక్కడి పెద్ద మర్రిని చూడ్డానికి అందరూ వెళ్తారు. నాలుగున్నర ఎకరాలు దాటి పాకింది, కానీ దానికి అసలు మాను లేదు! తెగులు పట్టిందని 1925లోనే మొదలు తీసేశారు. వేల ఊడలే ఇప్పుడు చెట్టు. మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఇంకా పెద్దది, అక్కడివాళ్ళతో ఆ మాట అని పోట్లాట పెట్టుకోకండి. నేను మిమ్మల్ని పొమ్మంటున్నది మర్రి కోసం కాదు. ఆ తోటకి 1793లో అధికారిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్, అంతకుముందు పన్నెండేళ్ళు ఉద్యోగం చేసింది ఎక్కడనుకున్నారు? సామర్లకోటలో. మన ఊళ్ళోనే తోట వేసి మిరియాలూ కాఫీ పెంచి చూశాడు, మన కోరమాండల్ తీరం మొక్కల బొమ్మలు గీయించి పుస్తకాలు వేయించాడు. భారత వృక్షశాస్త్రానికి తండ్రి అంటారాయన్ని. ఇక్కడ మన ఊళ్ళో ఎవర్నడిగినా ఆ పేరు తెలీదు. అక్కడ ఆయన ఉన్న ఇల్లు నది ఒడ్డున ఉంది. నాకెందుకో దాని ముందు నిలబడితే మా ఊరివాణ్ణి పరాయి ఊళ్ళో కలిసినట్టనిపించింది.

ఒకరోజు పూర్తిగా ఉత్తరం వైపు పాత ఊరికి ఇవ్వండి, కాళ్ళతోనే. శోభాబజార్ మెట్రోలో దిగితే కుమార్‌టులి, విగ్రహాలు చేసేవాళ్ళ పేట. గడ్డి కట్టలు కట్టి ఆకారం తెస్తారు, దాని మీద గంగ మట్టి మెత్తుతారు, తల విడిగా అచ్చులో పోస్తారు. టికెట్టేమీ లేదు, అయితే అది వాళ్ళ పనిచోటు, ఫొటోకి ముందు అడగండి. మేం వెళ్ళినప్పుడు సరస్వతీ పూజకని వందల సరస్వతులు, ఇంకా కళ్ళు దిద్దలేదు, వరసగా గోడకి ఆనించి ఉన్నారు. గిరీష్ పార్క్ దగ్గర జొరాసాంకోలో టాగూరు పుట్టిన ఇల్లు. జనగణమనకి ఆయన ఇంగ్లీషు అనువాదం రాసింది మన మదనపల్లెలో, 1919లో. అక్కణ్ణుంచి కాలేజ్ స్ట్రీట్‌కి నడక. మైలు పొడవునా పాత పుస్తకాల కొట్లు. పండూ, అక్కడ నీ డబ్బు అమ్ములు చేతికిచ్చి వెళ్ళు.

ట్రాము గురించి ఒక మాట. 1873లో గుర్రాలు లాగేవి, 1902లో కరెంటు వచ్చింది. ఇప్పుడు ఆఖరి రోజుల్లో ఉంది. ఎస్ప్లనేడ్ దగ్గర కనిపిస్తే ఎక్కడికని అడక్కుండా ఎక్కేయండి.

సాయంత్రాలకి నది వెంట నడిచే సర్క్యులర్ రైలుంది, ప్రిన్సెప్ ఘాట్‌లో దిగండి. బ్రాహ్మీ లిపిని 1837లో చదివి అశోకుడి శాసనాలు మనకి అర్థమయ్యేలా చేసిన జేమ్స్ ప్రిన్సెప్ పేరు మీద కట్టిన మండపం అది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్న అశోకుడి శాసనాలు కూడా ఆ లిపివే. సూర్యుడు అవతలి ఒడ్డున దిగుతుంటే ఊరి కుర్రకారంతా అక్కడే ఉంటుంది.

ఇండియన్ మ్యూజియానికి మాత్రం డబ్బు పెట్టండి. 1814లో మొదలైంది, దేశంలో అన్నిటికంటే పాతది. మేం వెళ్ళినప్పుడు 75 రూపాయలు. భర్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాల గదిలో గంట కూర్చోండి, మిగతావన్నీ చూసెయ్యాలని పరిగెత్తకండి. సోమవారం మూసేస్తారు. విక్టోరియా మెమోరియల్లో మ్యూజియం కూడా అంతే, జూకి గురువారం సెలవు. దక్షిణేశ్వరం కాళీ గుడి, బేలూరులో రామకృష్ణ మఠం మధ్యాహ్నం కాసేపు మూస్తారు, అందుకని పొద్దున్నే మెట్రోలో దక్షిణేశ్వరం చూసుకుని లాంచీలో బేలూరు వెళ్ళండి. ఏ గుడి దగ్గరైనా పూజ చేయిస్తానని చెయ్యి పట్టుకునేవాళ్ళుంటారు. ఒకచోట మా చెల్లెలు మొహమాటపడి అయిదు వందలు వదిలించుకుంది. దేవుడికి మీరే దణ్ణం పెట్టుకోండి.

తిండి. పొద్దున్న ఇంగువ కచోరీ, బంగాళదుంప కూర, జిలేబీ తింటే మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదు. ఝాల్‌మూడీ అంటే కంగారు పడకండి, మన పిడత కింద పప్పులో ఆవనూనె పోస్తే అదే. ఆ వాసన మొదటిరోజు గిట్టదు, రెండోరోజు వెతుక్కుంటారు. మధ్యాహ్నం భోజనానికి పైస్ హోటళ్ళు అని పాతవి ఉన్నాయి, ఒకప్పుడు పైసాకి అన్నం పెట్టినవి. కొన్నిచోట్ల అరిటాకుకీ నిమ్మచెక్కకీ కూడా విడిగా లెక్క వేస్తారు, ఆశ్చర్యపోకండి. జనవరిలో వెళ్తున్నారు కాబట్టి నొలెన్ గుడ్ సందేశ్ తినకుండా రాకండి. సందేశ్ అంటే విరిగిన పాలతో చేసే మిఠాయి, నొలెన్ గుడ్ అంటే ఈత బెల్లం. మన దగ్గర ఈత చెట్టంటే కల్లే కదా, వాళ్ళు ఆ నీరా కాచి బెల్లం తీస్తారు. డబ్బాలు కొనకుండా ఒక్కొక్కటే కొనుక్కోండి, నాలుగు కొట్లలో నాలుగు రుచులు తెలుస్తాయి.

మంచినీళ్ళ దగ్గరా, నిద్ర దగ్గరా పొదుపు చెయ్యకండి. రెంటికీ కక్కుర్తి పడితే మందుల షాపుకి కట్టాలి. రోజుకి రెండు చోట్లు చాలు. మూడోది పెట్టుకున్నారంటే టాక్సీ ఎక్కుతారు, అక్కడే మీ ఆరు వేలు కారిపోతాయి. మేమిద్దరం మూడు రోజులు తిరిగితే ఊళ్ళో బస్సుకీ మెట్రోకీ లాంచీకీ కలిపి నా పుస్తకంలో 410 రూపాయలు రాసుంది. చిల్లర దగ్గరుంచుకోండి, కండక్టర్లు "ఖుచ్రో, ఖుచ్రో" అని అడుగుతారు. అమ్ములూ, బస్సు దిగేటప్పుడు కండక్టరు "ఆస్తే, లేడీస్!" అని, అంటే మెల్లగా, ఆడవాళ్ళున్నారని కేకేస్తాడు, డ్రైవరు నిజంగానే ఆపుతాడు. నాకా ఊరి మీద సగం ప్రేమ ఆ కేకతోనే వచ్చింది.

సంక్రాంతికి వెళ్తామని పండు అన్నాడట. ఒప్పుకోను. ఒకటి, గంగాసాగర్ మేళాకి దేశమంతా అప్పుడు కలకత్తాలోనే దిగుతుంది, గదులు దొరకవు. రెండోది, సంక్రాంతికి మీరు ఇక్కడుండాలి. నెలాఖరుకి పెట్టుకోండి. పుస్తకాల జాతర కూడా ఆ రోజుల్లోనే మొదలవుతుంది, లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు, హౌరా నుంచి ఇప్పుడు మెట్రోలో నేరుగా ఆ జాతర జరిగే కరుణామయి దాకా పోవచ్చు.

ఒక్క పని చేసిపెట్టండి. మహాకరణ్ మెట్రో దగ్గర పెద్ద తెల్ల గుమ్మటంతో జనరల్ పోస్టాఫీసు ఉంది, 1868 నాటిది. అక్కణ్ణుంచి నాకో కార్డు రాయండి. వాట్సాప్‌లో ఫొటోలు మీ అమ్మకి పంపుకోండి, నాకు కార్డే కావాలి. ఇప్పటికీ అర్ధరూపాయే. అది మీ ఆరు వేలలో కలపకండి, నేనిస్తాను.

మీ అమ్మమ్మ