పండూ, జనం మొండికేయడం కాదది

చి॥ పండు, అమ్మలు ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అమ్మమ్మ, నేను బాగున్నాం.

మొన్న పండు ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. స్కూల్లో కరోనా రోజుల మీద ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. "తాతయ్యా, మొదట్లో అందరూ ఇళ్లలోనే ఉన్నారు కదా, మరి తర్వాత ఎందుకు వినలేదు? పోలీసులు కొట్టకపోతే జనం ఏ రూలూ పాటించరా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి అమ్మలు "బోర్ కొట్టి ఉంటుంది" అంది. అమ్మలు అన్న మాటే అప్పట్లో టీవీల్లో కూర్చున్న పెద్దవాళ్లు కూడా అన్నారు, జనానికి విసుగొచ్చేసింది, మనవాళ్లకు క్రమశిక్షణ లేదు అని. నాకది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఫోన్‌లో తేలే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీ ఫ్రెండ్స్‌కి కూడా చదివి వినిపించండి.

ముందు ఒక సంగతి. జనం విన్నారు పండూ, చాలా విన్నారు. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ అన్నారు, పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా. ఆ రోజు మా వీధిలో కుక్కలు తప్ప మనిషి కనపడలేదు. 24వ తేదీ రాత్రి 8 గంటలకి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడి, ఈ అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలన్నారు. మధ్యలో ఉన్నది నాలుగు గంటలు. తెల్లారితే ఉగాది. ఇంట్లో ఉన్న బెల్లం, చింతపండు, పెరట్లో రాలిన వేపపువ్వు, వీటితోనే అమ్మమ్మ పచ్చడి కలిపింది, మామిడికాయ లేదు. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండానే చేశారు. ఎంతమంది పోలీసులుంటే నవమి నాడు భద్రాచలం వెళ్లే జనాన్ని ఆపగలరు? జనమే ఆగారు. నూటముప్పై కోట్ల మందిని ఇళ్లలో కూర్చోబెట్టేటంత మంది పోలీసులు ఏ దేశంలోనూ ఉండరు.

మా ఊళ్లోనైతే కుర్రాళ్లు ఊరి మొదట్లో రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప వేసి, పక్కన నీళ్ల డ్రమ్ము, ఒక సబ్బు పెట్టుకుని వంతులవారీగా కాపలా కూర్చున్నారు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ వందల ఊళ్లు అలా కంచెలు వేసుకున్నాయి. ఎవరూ చెప్పలేదు వాళ్లకి.

మరి అలాంటి జనం నెల తిరిగేసరికి ఎందుకు మారారు? ఇది మీకు అర్థం కావాలంటే నేను మా కాలవ సంగతి చెప్పాలి. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

కృష్ణా డెల్టాలో మా పొలాలు కాలవకి చిట్టచివర. ఇలాంటివాటిని శివారు భూములు అంటారు. నీళ్లు చాలని ఏడాది కాలవకి వంతులు పెడతారు, అంటే ఇన్ని రోజులు పైవాళ్లు పెట్టుకోవాలి, తర్వాత వాళ్లు మడవలు, అంటే చేలోకి నీళ్లు పెట్టుకునే గండ్లు, కట్టేసి నీళ్లు కిందికి వదలాలి. తూము దగ్గర ప్రభుత్వం తరఫున ఒక లస్కరు ఉంటాడు. ఒక్కడే. మైళ్ల పొడుగున్న కాలవకి, వందల మంది రైతులకి ఆ ఒక్క మనిషి. రాత్రి పూట ఎవరైనా పారతో రెండు దెబ్బలు వేస్తే చాలు, గట్టు తెగుతుంది, పొద్దున్నకి చేను నిండుతుంది. అయినా నా చిన్నప్పుడు చాలా ఏళ్లు ఎవరూ ఆ పని చెయ్యలేదు. ఎండిపోతున్న తమ చేను పక్కనుంచే నీళ్లు గలగలమంటూ కింది ఊరికి పోతుంటే చూస్తూ ఊరుకున్నారు.

మా వంతు వచ్చిన రాత్రి నాన్న, అంటే మీ ముత్తాత, నన్ను వెంట తీసుకెళ్లేవాడు. చేతిలో హరికేన్ లాంతరు, భుజాన పార, తువ్వాలులో మూటకట్టిన చద్దన్నం, ఉల్లిపాయ. బోదె పక్కన బురదలో ఒక కందిపుల్ల గుచ్చి, నీళ్లు ఎక్కడిదాకా ఉంటే అక్కడ గోటితో గాటు పెట్టేవాడు. కాసేపటికోసారి లాంతరు దించి ఆ గాటు చూసేవాడు. నీళ్లు గాటుకి సమంగా ఉంటే బీడీ ముట్టించుకుని గట్టు మీద నడుం వాల్చేవాడు. కప్పల గోల, దోమలు, పైన చుక్కలు, నాకు నిద్ర పట్టేది కాదు. ఆ గాటు కంటే నీళ్లు రెండు వేళ్లు దిగితే మాత్రం నాన్న లేచి పార తీసుకుని గట్టెంబడి పైకి నడిచేవాడు. పైన ఎవరో మడవ తీశారన్నమాట.

మనుషులు నీళ్ల కోసం ఆగగలగడానికి నేను చూసినవి రెండే. ఒకటి, పైనున్న పెద్ద కామందు, అంటే బోలెడు భూమున్న ఆసామి, చేను కూడా నా చేనులాగే నెర్రెలు విచ్చి ఉండాలి. అది కంటికి కనపడాలి. అప్పుడు ఎవరూ నోరెత్తరు, ఎన్ని రోజులైనా ఓర్చుకుంటారు. రెండోది, నా వంతు వచ్చేదాకా నా నారు బతికి ఉండాలి. నారు చచ్చాక వంతు వస్తే ఏం చేసుకోను? అందుకే ఎప్పుడూ ముందు గొడవపడేది శివారు వాళ్లు. వాళ్లకు ఓర్పు లేక కాదు, అందరికంటే ముందు వాళ్ల నారు ఎండుతుంది కాబట్టి.

లాక్‌డౌన్‌లో కూడా శివారు వాళ్లు ఉన్నారు. మీరుండే చందానగర్ చుట్టుపక్కల ఆ పెద్ద పెద్ద బిల్డింగులు కట్టింది ఎవరనుకున్నారు? జార్ఖండ్, బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు. పనులు ఆగాయి, కూలి ఆగింది. తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామంది. అది మంచి పనే, కాదనను. కానీ ఆ 500 ఎన్నాళ్లొస్తుంది, గ్యాసు ఎక్కడిది, రూమ్ అద్దె ఎవరు కట్టాలి, ఊళ్లో ముసలి తల్లికి ఏం పంపాలి? 21 రోజులన్నది మే 3 దాకా అన్నారు, ఆ తర్వాత 17, ఆ తర్వాత 31. వంతు ఎప్పుడొస్తుందో తెలియని చోట ఆగడం చాలా కష్టం నాన్నా. దాంతో నడక మొదలుపెట్టారు. మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ రోడ్డంతా మనుషులు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ఎండలు మండిపోతున్న రోజులు. మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లో వేరావల్ రేవు దగ్గర పడవల్లోనే వారాల తరబడి ఉండిపోయారు. ములుగు వైపు మిరప తోటల్లో పనికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ పాప ఒకతె, పన్నెండేళ్లది, మూడు రోజులు అడవి దారిన నడిచి ఇల్లు చేరకముందే ప్రాణం వదిలింది. ఈ మాట పిల్లలకు రాయాలా వద్దా అని అమ్మమ్మ అంది. రాయాలి అన్నాను. ఆ పిల్లది మీ క్లాసులో కూర్చోవలసిన వయసు. నడిచినవాళ్లు రూలు మీరారని ఎవరన్నా అంటే ఆ పిల్లని తలుచుకోండి.

సంగారెడ్డి జిల్లా కంది ఊరి దగ్గర ఐఐటీ బిల్డింగులు కడుతున్న కూలీలు ఏప్రిల్ 29న, మా జీతాలు మాకివ్వండి, మమ్మల్ని ఇంటికి పంపండి అని గొడవకి దిగారు, పోలీసులతో పెనుగులాట అయింది, రాళ్లు కూడా పడ్డాయి. రెండు రోజులకి, మే 1 తెల్లవారుజామున, మీ ఇంటి దగ్గరున్న లింగంపల్లి స్టేషన్ నుంచే మొదటి శ్రామిక రైలు జార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది. 24 పెట్టెలు, సుమారు 1,200 మంది. 72 మంది పట్టే పెట్టెలో 54 మందినే కూర్చోబెట్టారు, వాళ్లూ దూరం దూరంగా కూర్చుని వెళ్లారు. రాళ్లు రువ్వారని పేరుపడినవాళ్లే అంత బుద్ధిగా ఎలా కూర్చున్నారు? ఇంటికి చేరతామని నమ్మకం కుదిరింది కాబట్టి. వంతు వచ్చింది.

ఇక మిగతా జనం మాట. మే 4న ఆంధ్రలో మందు షాపులు తెరిచారు, రెండు రోజులకి తెలంగాణలో. కిలోమీటరు పొడుగు క్యూలు. గుళ్లు, మసీదులు, చర్చిలు తెరిచింది మాత్రం జూన్ 8 నుంచి. మీ బడి సంగతి సరేసరి. ప్రభుత్వానికి డబ్బు కావాలి, నిజమే, జీతాలెలా ఇస్తారు. కానీ ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్న మనిషికి ఏమనిపిస్తుంది? కన్నతండ్రి పోతే ఇరవై మందికి మించి రాకూడదన్నారే, మరి ఆ క్యూ ఏమిటి? రూలు కష్టంగా ఉన్నా మోస్తారు. అర్థం లేకుండా పోతే మొయ్యరు, నేనైనా అంతే.

అన్నిటికంటే చెడ్డది కాలవ మొదట్లో మడవ తియ్యడం. 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్ తలెత్తుతుంటే నాగార్జునసాగర్, తిరుపతి ఉప ఎన్నికలు, ఏప్రిల్ 14న హాలియాలో పెద్ద సభ, బెంగాల్లో రోజుకో సభ, హరిద్వార్‌లో కుంభమేళా. ఒక్క పార్టీ అని కాదు, అందరూ తీశారు. మాస్కు లేకపోతే కూలివాడికి 1,000 రూపాయల ఫైను, స్టేజీ మీద మాస్కు లేని నాయకుడికి దండ. ఇంగ్లండులోనూ ఇంతే, రూలు రాసిన ప్రధానమంత్రి ఆఫీసులోనే పార్టీలు చేసుకున్నారు, 2022లో పోలీసులు ఆయనకే ఫైను వేశారు. పొరపాటు జరిగిందని నాకు బాధ లేదు, పెద్దవాళ్లూ మనుషులే. కానీ కామందు చేనులో నీళ్లు తళతళలాడుతుంటే కింద ఎవడు ఆగుతాడు? ఆ రాత్రికి ఇంటింటి నుంచీ పార బయటికొస్తుంది. తర్వాత ఎందుకు వినలేదని అడిగావు కదా, మాస్కులు గడ్డాల కిందికి ఇలా జారాయి.

లాఠీతో ఆపొచ్చు కదా అంటావేమో. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది, తర్వాత పూణేకి పాకింది. తెల్లవాళ్లు 1897లో అంటువ్యాధుల చట్టం చేసి, సోల్జర్లను ఇళ్లలోకి పంపి, ఆడవాళ్లున్న గదులు, పూజగదులు తేడా లేకుండా వెతికించి మనుషుల్ని ఈడ్చుకుపోయారు. రోగం నిజమే, వెతకవలసిందే. కానీ జనం రోగాన్ని వదిలేసి సోల్జర్లకే భయపడి రోగుల్ని దాచారు. చివరికి ఆ జూన్‌లో ప్లేగు పనులు చూసే ర్యాండ్ అనే అధికారిని కాల్చారు, కొన్ని రోజులకి ఆయన చనిపోయాడు. ఆ చట్టమే 2020లోనూ బయటికి తీశారు. కాగితం అదే, దాన్ని పట్టుకున్న చెయ్యి ఎలాంటిదో దాన్నిబట్టి జనం ఉంటారు.

ఇప్పుడు పండు అడిగిన రెండో ముక్క, పోలీసులు లేకపోతే జనం పాటించరా అన్నది. 2021లో తెలంగాణలో ప్రభుత్వం లాక్‌డౌన్ పెట్టింది మే 12న. అంతకు నెల ముందే ఎన్నో ఊళ్లు పంచాయతీలో తీర్మానం చేసుకుని స్వచ్ఛంద లాక్‌డౌన్ పెట్టుకున్నాయి. హైదరాబాద్ బేగంబజార్ వ్యాపారులు తమంతట తామే సాయంత్రం 5 గంటలకే కొట్లు కట్టేశారు, వాళ్లకు రోజు నష్టం ఎంతో ఊహించండి. ఎందుకు? అప్పటికి పక్కింట్లో ఆక్సిజన్ దొరక్క మనిషి పోయాడు. టీవీలో ఎవరో చెప్పనక్కర్లేదు. ఏడాది ముందు విసుగొచ్చిందన్న జనమే వీళ్లు. విసుగు అమ్మలు అనుకున్నంత పెద్ద విషయం కాదు.

ఒకటి చెప్పడం మరిచాను. మా రేషన్ షాపు ముందు సున్నంతో గుండ్రాలు గీశారు, మనిషికో గుండ్రం. ఎండకి నిలబడలేక జనం ఏం చేశారంటే, గుండ్రంలో చెప్పులు వదిలి, సంచి పెట్టి, పైన రాయి పెట్టి, పోయి వేపచెట్టు నీడన అందరూ ఒక్కచోట చేరారు. దూరం పాటిస్తున్నవి చెప్పులు. చూసినవాళ్లు నవ్వారు, ఫొటోలు తీశారు. నేను ఆ చెప్పుల్నే చూస్తూ ఉండిపోయాను. తెగిపోతే తాడుతో కట్టుకున్న చెప్పు, స్కూలు పిల్ల బూటు, ఒక పెద్దావిడది అరిగి అరిగి మడమ దగ్గర చిల్లు పడింది. ఒక్క జత కూడా వరస తప్పలేదు. ముందు వచ్చినవాడి చెప్పు జరిపి తనది పెట్టుకున్నవాడు లేడు. ఆ వంతుని అంత గౌరవించిన జనాన్ని క్రమశిక్షణ లేనివాళ్లని ఎలా అంటారు? అక్కడ ఒక టెంటు వేసుంటే వాళ్లే గుండ్రాల్లో నిలబడేవాళ్లు.

సరే, ప్రాజెక్టు సంగతి. గూగుల్లో చూసి రాయొద్దు. ఆదివారం నాన్నని అడిగి లింగంపల్లి స్టేషన్‌కి వెళ్లండి, స్లీపర్ పెట్టె ఆగి ఉంటే ఒక్కసారి ఎక్కి బెర్తులు లెక్కపెట్టి దిగండి. తర్వాత మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అంకుల్ దగ్గరకి వెళ్లి, 2020లో మీరెక్కడున్నారు, ఏం తిన్నారు, ఎవరు సాయం చేశారు అని అడగండి. నిలబడి అడగొద్దు, పక్కన కూర్చోండి. ఆయన చెప్పడం ఇష్టం లేక మాట మారిస్తే వదిలెయ్యండి. చెబితే మాత్రం మధ్యలో అడ్డు రాకుండా విని, ఆయన చెప్పిన మాటల్లోనే రాయండి. అమ్మలు బొమ్మలు వేస్తుంది. దసరా సెలవులకి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించాలి, అమ్మమ్మ కళ్లజోడు మార్పించుకుంది కాబట్టి తనే చదువుతానంటోంది.

అమ్మని, నాన్నని అడిగానని చెప్పండి.

మీ తాతయ్య