డొమైన్ కొంటామన్న పిల్లలకు

పిల్లలూ,

ఇద్దరూ కలిసి వెబ్‌సైటు పెడతామని, దానికో డొమైన్, అంటే సైటు అడ్రస్‌గా వాడే పేరు, తీసుకుంటామని రాశారు. సంతోషం. పనిలో పనిగా ఇంకో పది పేర్లు కొని పడేసి, రేటు పెరిగాక అమ్ముకుంటామన్నారు. అక్కడ మాత్రం కాస్త ఆగండి.

డొమైన్ మనకి శాశ్వతంగా రాసిచ్చేయరు. డాట్ కామ్ అయితే ఏడాది నుంచి పదేళ్ల దాకా డబ్బు కట్టి వాడుకుంటాం, గడువు దగ్గరపడితే మళ్లీ కడతాం. డాట్ కామ్ పేర్ల పట్టికను నడిపేది వెరిసైన్ అనే కంపెనీ. మనకు అమ్మే రిజిస్ట్రార్లు దాని దగ్గర నమోదు చేయిస్తారు. వీళ్లందరికీ నిబంధనలు పెట్టేది 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. 1995 దాకా ఈ పేర్లు ఉచితంగానే ఇచ్చారంటే మీరు నమ్మరు. ఆ ఏడాది నుంచి రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలైంది.

కట్టడం మరిచిపోతే ఏమవుతుందో తెలుసుకోండి. డాట్ కామ్‌కి గడువు దాటాక చాలామంది రిజిస్ట్రార్లు కొన్ని వారాలు మామూలు ధరకే రెన్యూ చేసుకోనిస్తారు. మంచి పేరైతే ఈలోపే వేలానికి పెట్టేసేవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత 30 రోజులు వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది గానీ, ఫీజు చూస్తే కళ్లు తిరుగుతాయి. చివరి 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆపైన పేరు బయటికి వస్తుంది. పనికొచ్చే పేరైతే కాచుకుని కూర్చున్న సాఫ్ట్‌వేర్లు రెప్పపాటులో పట్టుకుపోతాయి.

ఇక అమ్మకం సంగతి. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. వార్తల్లోకి ఎక్కేవి ఇలాంటివే. కొనేవాడు రాక ఏటా రెన్యువల్ కట్టుకుంటూ పోయేవాళ్ల గురించి ఎవరు రాస్తారు? మూడు ఇంగ్లిషు అక్షరాలతో కుదిరే పేర్లు మొత్తం 17,576. డాట్ కామ్‌లో అవన్నీ ఎప్పుడో అయిపోయాయి. పేరున్న కంపెనీ పేరు పట్టుకుని బేరం పెడదామనుకుంటే, ఆ కంపెనీ దాన్ని మీ దగ్గర్నుంచి లాక్కోవడానికి 1999 నుంచే ఐకాన్ పద్ధతి ఒకటి ఉంది. డబ్బూ పోతుంది, పేరూ పోతుంది.

డాట్ కామ్‌లో దొరక్కపోతే కొత్త తోకలు, అంటే పేరు చివర డాట్ తర్వాత వచ్చే మాటలు, ఉన్నాయి కదా అంటారేమో. 2012లో కొత్త తోకలకు ఐకాన్ తలుపు తెరిస్తే, ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు కట్టి మరీ 1,930 దరఖాస్తులు వేశారు. డాట్ షాప్, డాట్ యాప్ లాంటివి అలా వచ్చినవే. 2026లో మరో విడత, ఈసారి ఫీజు 2,27,000 డాలర్లు. తోకలు ఇలా పెరుగుతూ పోతే ఏ పేరైనా ఏదో ఒక తోకతో దొరుకుతుంది. తేలిగ్గా దొరికేదాన్ని ఎక్కువ పెట్టి కొనేదెవరు?

దేశాల తోకల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. డాట్ ఏఐ నిజానికి కరీబియన్‌లోని ఆంగ్విల్లా అనే చిన్న దీవిది. కృత్రిమ మేధ గిరాకీతో 2023లో ఆ పేర్ల మీదే దానికి దాదాపు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి. అదృష్టమంటే అదీ! కానీ దేశాల రాత మారితే తోకల రాతా మారుతుంది. యుగోస్లావియా పోయింది, దాని డాట్ వైయూని 2010లో తీసేశారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మోజుపడే డాట్ ఐఓ, బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది. అక్కడి దీవులను మారిషస్‌కు అప్పగిస్తామని 2025లో బ్రిటన్ సంతకం చేసింది. అందుకే ఆ తోక మీద వ్యాపారం కట్టుకున్నవాళ్లకి లోలోపల టెన్షన్.

మరో మార్పు మీ తరమే తెస్తోంది. మీరు అడ్రస్ టైపు చేయరు, ఏఐని అడుగుతారు. జనం ఊహించి టైపు చేస్తారని మామూలు మాటల్ని పోగేసుకున్నవాళ్ల సరుకు దీనితో చవకబడుతుందని నా అంచనా. సొంత పేరుతో సైటు, ఈమెయిలు ఉండటానికి మాత్రం విలువ తగ్గదు. నకిలీలు పెరిగేకొద్దీ ఫలానా వాళ్ల అసలు సైటు ఇదేనని చూపించుకోవాలి కదా.

కాబట్టి ఒక్కటే తీసుకోండి. ఫోన్లో చెబితే స్పెల్లింగ్ అడగకుండా రాసుకోగలిగేదై ఉండాలి. డబ్బు కట్టే పేజీలో మొదటి ఏడాది ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెన్యువల్ ధర ఎక్కడో చిన్నగా ఉంటుంది. వెతికి చూడండి. ప్రీమియం అని రాసి ఉంటే రెన్యువల్ కూడా ఏటా ఎక్కువే పడొచ్చు. ఆటో రెన్యువల్ ఆన్ చేయండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఇద్దరిలో ఎవరి పేరు మీద రిజిస్టర్ చేయాలో ముందే తేల్చుకోండి, తర్వాత నా దగ్గరికి పంచాయితీకి రావద్దు.

మీ పెదనాన్న