ఆటో డెబిట్ ఆపేస్తే అప్పు పోతుందా? అపోహలు - వాస్తవాలు

"సార్, బండి కటింగ్ ఆపేయండి." బ్యాంకు కౌంటర్‌లో నేను రోజూ వినే మాటే ఇది. బండి లోన్ ఈఎంఐ ఖాతాలోంచి దానంతటదే కట్టవడం ఆపమని అర్థం. ఆపడం పెద్ద పనేం కాదు, ఫారం రాసిస్తే మ్యాండేట్ రద్దు చేస్తాం. ఇలా ఖాతాలోంచి వాయిదాలు లాగే ఏర్పాటునే నాచ్ అంటారు. తర్వాత ఏమవుతుందో చెప్పబోతే మాత్రం వినరు. "నాచ్ క్యాన్సిల్ చేయించుకో, ఇక వాళ్లు నిన్నేం పీకలేరు" అని బయట ఎవరో అప్పటికే నూరిపోసి ఉంటారు.

అపోహ: మ్యాండేట్ రద్దయితే ఈఎంఐ కట్టక్కర్లేదు.

కట్టాలి. ఫలానా కంపెనీ అడిగితే నా ఖాతాలోంచి ఇంతకు మించకుండా ఇవ్వండని మీ బ్యాంకుకు మీరిచ్చిన అనుమతే మ్యాండేట్. అప్పు పత్రం మీకూ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య రాసుకున్నది, దాంతో మాకు సంబంధం లేదు. అనుమతి వెనక్కి తీసుకున్నా ఆ పత్రంలో ఒక్క అక్షరం మారదు. వాయిదా తేదీ దాటుతుంది, అపరాధ రుసుము పడుతుంది, మీ అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టులోకి ఎక్కుతుంది.

ఓ కుర్రాడు కొత్త బైకు రిపేర్ల విషయంలో షోరూమ్‌తో గొడవపడి, బండి అక్కడే వదిలేసి మ్యాండేట్ రద్దు చేయించాడు. షోరూమ్ వాళ్ల డబ్బు వాళ్లకు ఎప్పుడో ముట్టింది. బాకీ ఉన్నది ఫైనాన్స్ కంపెనీకి. కొన్నేళ్లకు ఇంటి లోన్ కోసం తండ్రితో కలిసి వస్తే రిపోర్టులో ఆ బాకీ బయటపడింది. "బండి ఇచ్చేశాడు కదా సార్, అయిపోయిందనుకున్నాం" అన్నాడు పెద్దాయన. ఆయన్ని ఏమనగలను?

దీనికి తోకలాంటి పుకారు ఇంకొకటి: చెక్కు ఇవ్వలేదు కాబట్టి కేసు పెట్టలేరట! 2007 నాటి చెల్లింపుల, సెటిల్‌మెంట్ వ్యవస్థల చట్టంలో 25వ సెక్షన్ ఇందుకే ఉంది. ఖాతాలో డబ్బు చాలక ఆటో డెబిట్ తిరిగొస్తే, ఆ సంగతి బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా కంపెనీ నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు వేయవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్క వాయిదా తప్పగానే ఎవరూ కోర్టుకు పరిగెత్తరు, కంగారు పడకండి. కానీ నోటీసు వస్తే చించి పారేయకండి.

నిజంగానే చేతిలో డబ్బు లేదా? వాయిదా తేదీకి ముందే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. తేదీ మార్చమనో, వాయిదా తగ్గించి గడువు పెంచమనో అడగండి. బౌన్సయ్యాక అడిగే దానికీ ముందే అడిగే దానికీ చాలా తేడా ఉంటుంది.

అపోహ: ఈఎంఐ తొమ్మిది వేలైతే మ్యాండేట్‌లో యాభై వేలు రాశారు, మొత్తం లాగేస్తారు.

ఈ భయంతో రాత్రి నిద్రపోని వాళ్లను చూశాను. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. బాకీ ఉన్నంతే అడగాలి. ఎక్కువ తీస్తే వెంటనే కంపెనీకీ, మీ బ్యాంకుకూ ఫిర్యాదు చేయండి.

అపోహ: 5వ తేదీ అంటే ఆ సాయంత్రానికి డబ్బు వేస్తే చాలు.

చాలాచోట్ల ఉదయమే లాగేస్తారు. ముందు రోజు రాత్రికే ఉంచండి. బౌన్సయితే మీ బ్యాంకు ఒక చార్జీ, కంపెనీ ఇంకొకటి వేస్తాయి.

అపోహ: డబ్బు కట్ చేసే ముందు మెసేజ్ వస్తుంది, అప్పుడు చూసుకుందాం.

కనీసం 24 గంటల ముందు చెప్పాలన్న రిజర్వ్ బ్యాంక్ నియమం కార్డులకూ, వాలెట్లకూ, యూపీఐ ఆటోపేకూ. నాచ్ ఈఎంఐకి ఆ మెసేజ్‌ని నమ్ముకుని కూర్చోకండి. యూపీఐ ఆటోపే అయితే యాప్‌లో మీరే ఆపుకోవచ్చు, బ్రాంచికి రానక్కర్లేదు.

అపోహ: లోన్ తీరిపోతే మ్యాండేట్ దానంతటదే పోతుంది.

పోయిందో లేదో చూసుకోండి. బాకీ లేదని కంపెనీ ఇచ్చే పత్రం (ఎన్‌ఓసీ)తో పాటు మ్యాండేట్ రద్దు కూడా అడగండి.

ఇక వ్యాపారులకు ఒక మాట. చిట్టీల వాళ్లూ, జిమ్ముల వాళ్లూ మ్యాండేట్ రిజిస్టరయితే డబ్బు గల్లాపెట్టెలో పడ్డట్టే అనుకుంటారు. తిరిగొచ్చిన ప్రతి డెబిట్‌కూ కారణం రాసి ఉంటుంది, దాన్ని చదవరు. బ్యాలెన్స్ చాలలేదంటే జీతాలు పడ్డాక మళ్లీ పంపడంలో అర్థముంది. ఖాతా మూసేశారనో, ఖాతాదారు ఆపేశారనో ఉంటే ఎన్నిసార్లు పంపినా చార్జీలు తప్ప ఏమీ రాదు. నాకు తెలిసిన ఒక చిట్టీల ఆఫీసులో చూడకుండానే మళ్లీ మళ్లీ పంపేవారు. బ్యాలెన్స్ లేని సభ్యుల ఖాతాల్లో ప్రతిసారీ బౌన్స్ చార్జీ పడేది. కొందరు కోపంతో చిట్టీ మానేశారు. రెండోసారి పంపే ముందు ఫోన్ చేసి జీతం ఎప్పుడు పడుతుందో అడగండి. అవసరమైతే ఆ తేదీకి కొత్త మ్యాండేట్ తీసుకోండి.