హోమ్ ఉందిగా, బ్యాకప్ దేనికి? (డిస్ట్రో మార్పు: అపోహలు - వాస్తవాలు)

"అన్నా, హోమ్ అలాగే ఉంచి ఉబుంటు తీసేసి ఫెడోరా వేశాను. ఫైళ్లన్నీ ఉన్నాయి గానీ ప్రాజెక్టు డేటాబేస్ ఎక్కడా కనిపించట్లేదు."

మొన్న రాత్రి పదకొండు దాటాక గుంటూరు నుంచి ఓ ఫైనలియర్ కుర్రాడి ఫోన్. రెండు రోజుల్లో వైవా అట. ఆ గొంతు విన్నాక తిట్టబుద్ధి కాలేదు. చిన్న ఆఫీసులకు, కాలేజీ ల్యాబులకు లైనక్స్ మెషీన్లు చూసిపెట్టడం పన్నెండేళ్లుగా నా పని. ఇలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదు వస్తూనే ఉంటాయి. జనం టెన్షన్ పడేది ఒకదాని గురించి, నిజంగా మునిగేది ఇంకోచోట. అందుకే ఈ పోస్టు. లైనక్స్ విండోస్‌లాగే కంప్యూటర్ని నడిపే సిస్టం, ఉబుంటు, ఫెడోరా, మింట్, డెబియన్ లాంటి దాని రకాలే డిస్ట్రోలు. మీ సొంత ఫైళ్లుండే ఫోల్డరే హోమ్.

అపోహ: హోమ్ వేరుగా ఉంది, ఇక బ్యాకప్ అక్కర్లేదు

ముందు, అది నిజంగా వేరుగా ఉందా? హోమ్ ఫోల్డర్ ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది, హోమ్ పార్టిషన్ (డిస్కులో హోమ్‌కని విడగొట్టిన భాగం) మాత్రం ఎవరో ఒకరు చేసి ఉంటేనే ఉంటుంది. ఉబుంటు గానీ మింట్ గానీ నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ వేసేస్తే రూట్ (సిస్టం ఫైళ్లుండే చోటు), హోమ్ రెండూ ఒకే ఈఎక్స్‌టీ4 (డిస్కులో ఫైళ్లు సర్దే ఒక పద్ధతి) పార్టిషన్‌లో కూర్చుంటాయి. కొత్త డిస్ట్రో వేసేటప్పుడు రూట్‌కి ఫార్మాట్ టిక్ పెట్టారంటే హోమ్ కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది.

ఫెడోరాలో ఇంకా మోసం. 2020 అక్టోబరులో వచ్చిన ఫెడోరా 33 నుంచి డెస్క్‌టాప్ ఎడిషన్లకు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతి డిఫాల్ట్ అయింది. అందులో రూట్, హోమ్ రెండు సబ్‌వాల్యూములు. కమాండ్ కొడితే రెండు వరుసలు కనిపిస్తాయి, చూసినవాడికి రెండు పార్టిషన్లలా అనిపిస్తాయి. నిజానికి కింద ఉన్నది ఒకటే పార్టిషన్. దీన్ని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే 2021లో నా సొంత ల్యాప్‌టాప్ మీదే నేను ఇది చేశాను. ఊళ్లో వాళ్లందరికీ జాగ్రత్తలు చెప్పేవాడిని, ఆ రెండు వరుసలు చూసి హోమ్ వేరుగా ఉందనుకుని ఫార్మాట్ కొట్టాను. నాన్న పెన్షన్ కాగితాల స్కాన్లు, నా రెండేళ్ల ఇన్వాయిస్‌లు పోయాయి. కాగితాల ఒరిజినల్స్ బీరువాలో ఉన్నాయి కాబట్టి నాన్న పని ఆగలేదు. ఇన్వాయిస్‌లకి బీరువా లేదు.

రికవరీ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగా అంటారు. పాత హార్డ్ డిస్కుల రోజుల్లో ఆ ఆశ కొంత ఉండేది. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేస్తే, ఆ టూల్ మామూలుగానే "ఈ బ్లాకులన్నీ ఖాళీ" అని డిస్కుకు చెప్పేస్తుంది. దీన్నే డిస్కార్డ్ అంటారు. ఆ తర్వాత చాలా డిస్కుల్లో చదివితే సున్నాలే వస్తాయి. నేను రాత్రంతా ఫొటోరెక్ అనే రికవరీ టూల్ పెట్టుకుని కూర్చున్నాను, ఒక్క ఫైలూ దొరకలేదు.

ఎలా చూసుకోవాలి? టెర్మినల్‌లో డీఎఫ్ కమాండ్‌కి రూట్, హోమ్ రెండూ ఇచ్చి కొట్టండి. మొదటి గడిలో డివైజ్ పేరు రెండింటికీ ఒకటే వచ్చిందా, అయితే మీ హోమ్ వేరుగా లేదు. అంతే, ఇంకెవరినీ అడగక్కర్లేదు.

సరే, నిజంగానే వేరే పార్టిషన్ ఉందనుకుందాం. గుంటూరు కుర్రాడికి ఉంది కూడా, వాళ్ల సీనియర్ చేసిపెట్టాడట. కానీ మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తన డేటాను హోమ్‌లో పెట్టదు. వార్ ఫోల్డర్ కింద లిబ్‌లో పెడుతుంది, అంటే రూట్ పార్టిషన్‌లో. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ కూడా అంతే. డాకర్ (అప్లికేషన్లను విడి డబ్బాల్లో నడిపేది) వాల్యూములు, కొన్ని వర్చువల్ మెషీన్ల డిస్కులు, మీరు పెట్టుకున్న క్రాన్ పనులు (టైముకి వాటంతటవే నడిచేవి) కూడా వార్ కిందే. మీరు చేత్తో మార్చుకున్న సిస్టం కాన్ఫిగరేషన్లన్నీ రూట్‌లోని ఈటీసీ ఫోల్డర్లో. హోమ్‌ని ఎంత భద్రంగా దాచినా ఇవన్నీ పోతాయి. ఆ కుర్రాడు మొదటి రివ్యూకి గైడ్‌కు మెయిల్‌లో పంపిన డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా రాసింది) ఒకటి దొరికింది కాబట్టి గట్టెక్కాడు, తర్వాత ఎక్కించిన ఎంట్రీలు మాత్రం మళ్లీ మొదటి నుంచి. డేటాబేస్ ఉంటే డంప్ తీసుకోండి. ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలనుకోకండి, ఎందుకంటే పోస్ట్‌గ్రెస్‌లో మేజర్ వెర్షన్ మారితే పాత డేటా ఫోల్డర్ని కొత్తది ముట్టుకోదు.

హోమ్ మిగిలాక వచ్చే ఇంకో తలనొప్పి యూజర్ నంబరు. లైనక్స్ ఫైలు మీద రాసుకునేది మీ పేరు కాదు, మీ నంబరు. ఈ రోజుల్లో చాలా డిస్ట్రోల్లో మొదటి యూజర్‌కి 1000, రెండో యూజర్‌కి 1001. ఒక అకౌంట్స్ ఆఫీసులో ఒకే మెషీన్ మీద ఇద్దరు పనిచేసేవారు. డిస్ట్రో మార్చి, యూజర్లను నేను తెలియక తిరగేసిన వరుసలో చేశాను. మర్నాడు ఒకాయన లాగిన్ కొడితే తిరిగి లాగిన్ స్క్రీనే వస్తోంది, రెండో ఆయనకేమో మొదటాయన ఫోల్డర్ మొత్తం తెరుచుకుంటోంది. జీతాల షీటు అందులోనే ఉంది. ఓనర్‌షిప్ మార్చే కమాండ్‌తో అయిదు నిమిషాల్లో సరిచేశాను గానీ, ఆ ఉదయం అక్కడ మొహాలు చూడాల్సింది.

బ్యాకప్ తీసేటప్పుడు ఫైల్ మేనేజర్లో కంట్రోల్, హెచ్ నొక్కండి. చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లు అప్పుడే కనిపిస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ కీలు (వేరే మెషీన్లలోకి లాగిన్ అవడానికి వాడేవి), మెయిల్, విడిగా వేసుకున్న ఫాంట్లు చాలావరకు వాటిలోనే. ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పర్మిషన్లు (ఏ ఫైలు ఎవరు తెరవొచ్చన్న గుర్తులు) కూడా నిలబడవు. వెనక్కి తెచ్చిన ఎస్‌ఎస్‌హెచ్ కీని పర్మిషన్లు బార్లా ఉన్నాయని ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకోకపోతే కీ పాడైందనుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. అన్నిటినీ కలిపి ఒకే టార్ ఫైలుగా కట్టి కాపీ చేస్తే ఈ పర్మిషన్ల గోల ఉండదు. తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌ని ఇంకో మెషీన్‌లో పెట్టి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ఇది చాలామంది చేయరు.

మిగతావి గబగబా.

అపోహ: మింట్‌కి మారితే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోయాయి

కంగారు పడకండి, హోమ్ మిగిలి ఉంటే అవీ ఉన్నాయి. ఉబుంటు 21.10 నుంచి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ స్నాప్‌గా (ఉబుంటు వాళ్ల సొంత ప్యాకేజీ పద్ధతి) వస్తోంది, కాబట్టి మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్ లోపల, ఫైర్‌ఫాక్స్, కామన్ అని లోపలికి వెళ్తే దాచిన మొజిల్లా ఫోల్డర్‌లో ఉంటుంది. మింట్‌లో ఫైర్‌ఫాక్స్ స్నాప్ కాదు, వేరే చోట వెతుకుతుంది. ఫైర్‌ఫాక్స్ మూసేసి పాత ప్రొఫైల్ని కొత్త చోటికి కాపీ చేసుకోండి. కొత్త డిస్ట్రోలో ఫైర్‌ఫాక్స్ పాత వెర్షనైతే మాత్రం కొత్త ప్రొఫైల్ని తెరవనంటుంది. డెబియన్‌కి వెళ్లేవాళ్లకి ఇది తగులుతుంది.

అపోహ: వేరే డిస్ట్రో వేస్తే వైఫై వస్తుంది

వైఫై నడిపేది కెర్నలూ (లైనక్స్ గుండెకాయ) ఫర్మ్‌వేరూ (ఆ వైఫై చిప్‌లో ఎక్కే సాఫ్ట్‌వేర్), డిస్ట్రో పేరు కాదు. డెబియన్‌లో వైఫై రాదనే మాట ఇంకా తిరుగుతూనే ఉంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ మామూలు ఇన్‌స్టాలర్లోనే ఉంటోంది. అసలు ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైవ్ యూఎస్‌బీలో బూట్ చేసి చూస్తే పది నిమిషాల్లో తేలిపోయే విషయానికి మూడు డిస్ట్రోలు మార్చడం ఎందుకండీ?

అపోహ: రిపోజిటరీ పేర్లు మారిస్తే ఉబుంటు డెబియన్ అయిపోతుంది

రిపోజిటరీ అంటే డిస్ట్రో తన ప్యాకేజీలు తెచ్చుకునే చోటు. పేర్లు మార్చినంత మాత్రాన అవ్వదు. రెండూ కాని ఒక వింత తయారవుతుంది, దాన్ని బాగుచేయమని నా దగ్గరకి తేవద్దు. ఇలా ఉన్నచోటే మారడం కుదిరేది రెడ్ హ్యాట్ కుటుంబంలో. ఆ కుటుంబంలోని సర్వర్ డిస్ట్రో సెంట్‌ఓఎస్ 8ని 2021 డిసెంబరుతో ఆపేస్తామని ముందు ఏడాది డిసెంబరులో ప్రకటించాక దాని స్థానంలో ఆల్మా, రాకీ అనే డిస్ట్రోలు వచ్చాయి, మారడానికి స్క్రిప్టులూ ఇచ్చాయి. ఆ స్క్రిప్టులతో నేను చాలా సర్వర్లు మార్చాను. ముందు రోజు బ్యాకప్ తీసుకునే.

అపోహ: డిస్ట్రో మారిస్తే తెలుగు పోతుంది

ఎక్కడికీ పోదు. టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు పెట్టుకోండి. డెబియన్, ఉబుంటుల్లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేస్తే లోహిత్, పోతన, వేమన వచ్చేస్తాయి. డీటీపీ వాళ్ల పాత అనూ ఫాంట్ల ఫైళ్లు యూనికోడ్ కాదు కాబట్టి ఏ డిస్ట్రోలోనైనా మార్చుకోవాల్సిందే, అది లైనక్స్ చేసిన పాపం కాదు.

అపోహ: పక్కనున్న విండోస్‌ని ముట్టుకోం కాబట్టి దానికేమీ కాదు

పార్టిషన్ని ముట్టుకోకపోయినా సెక్యూర్ బూట్ (బూట్ అయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే సెట్టింగ్) మార్చినా, బూట్ వరుస కదిపినా బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. చాలా విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉన్న సంగతే ఓనర్‌కి తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ముందే కాగితం మీద రాసుకోండి. దాన్ని ఫోటో తీసి అదే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకున్న ఒకాయన పోయిన నెలలోనే వచ్చాడు.